లింఫోమా ఉన్నవారికి పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే ఏమవుతుంది?

"నాన్నగారికి లింఫోమా. ఇప్పుడు విపరీతమైన దాహం, నీరసం. స్కాన్‌లో పిట్యూటరీ ఉబ్బిందన్నారు. రెండింటికీ సంబంధం ఉందా?" అని ఒకరు అడిగారు.

ఉండొచ్చు, అరుదే అయినా. లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్లరక్తకణాల క్యాన్సర్. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథే థైరాయిడ్‌కీ, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకీ ఆదేశాలు పంపుతుంది. లింఫోమా కణాలు అందులో చేరితే ఆ ఆదేశాలు తగ్గిపోతాయి. అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ హార్మోన్ లేక బీపీ, సోడియం పడిపోతాయి. తలనొప్పి, ఒకటి రెండుగా కనబడటం, పక్కచూపు తగ్గడం కూడా ఉండొచ్చు.

దాహాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ అనే హార్మోన్ ఈ గ్రంథి వెనక భాగం నుంచే విడుదలవుతుంది. పిట్యూటరీలో మామూలుగా వచ్చే, క్యాన్సర్ కాని అడినోమా గడ్డ ఆపరేషన్‌కి ముందే వాసోప్రెసిన్‌ను దెబ్బతీయడం చాలా అరుదు. అందుకే షుగర్ లేని మనిషి మంచం పక్కన చెంబు పెట్టుకుని, రాత్రంతా లేచి నీళ్లలాంటి మూత్రం పోస్తుంటే అడినోమా కాక వేరే జబ్బేమోనని వెతకాలి. కార్టిసాల్ లోపం ఒక్కోసారి ఈ అతిమూత్రాన్ని కప్పేస్తుంది. కార్టిసాల్‌కి బదులిచ్చే స్టెరాయిడ్ మందు హైడ్రోకార్టిసోన్ మొదలెట్టాకే అది బయటపడుతుంది.

ఎంఆర్ఐ ఒక్కదానితో తేలకపోతే ముక్కు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు (బయాప్సీ). స్టెరాయిడ్ ముందే పడితే లింఫోమా కరిగి, తీసిన ముక్కలో దొరక్కపోవచ్చు. అయినా కార్టిసాల్ ప్రమాదకరంగా తగ్గితే బయాప్సీ కోసం ఆగకూడదు, ప్రాణం ముందు. థైరాయిడ్ హార్మోన్ మందు థైరాక్సిన్ కూడా కార్టిసాల్ సరిచేశాకే ఇవ్వాలి. అసలు చికిత్స లింఫోమా రకాన్ని బట్టి కీమోథెరపీ. ఈ వారమే హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్టుకి చూపించండి. వాంతులు, మగత ఉంటే ఇప్పుడే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.