తిమ్మిర్లకు బిళ్ళ వేస్తే ఊపిరికి ఇబ్బందా?

ప్రశ్న: నా వయసు 56. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాని. పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉందంటే పంపు కూడా పీలుస్తున్నాను. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లకు మెడికల్ షాపులో ప్రీగాబాలిన్ ఇచ్చారు. నిద్ర పట్టడం లేదంటే ఆల్ప్రజోలం కలిపారు. నెల నుంచి రెండూ వేసుకుంటున్నాను. ఇప్పుడు పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల కూడా తిమ్మిరి వచ్చి పోతోంది. ఊపిరి చాలనట్టు ఉంటోంది. పొద్దున తలనొప్పి, పగలంతా మత్తు. బీ12 ఇంజెక్షన్లు ఎన్ని చేయించుకోవాలి?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంజెక్షన్ల సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో ఒక ముక్కగా రాసేసిన పొద్దుటి తలనొప్పి, పగటి మత్తు నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి.

సీఓపీడీ ఉన్నవారిలో ప్రీగాబాలిన్ శ్వాసను మందగింపజేయవచ్చు. దీనిపై అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే హెచ్చరిక ఇచ్చింది. నిద్రమాత్ర, మద్యం అలవాటు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. రాత్రి శ్వాస నెమ్మదించి కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకుంటే పొద్దున్నే తల పట్టేస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ సంగతి చెప్పదు. అవసరమైతే రక్తంలోని వాయువులను కొలిచే ఏబీజీ పరీక్ష చేస్తారు. పైగా ప్రీగాబాలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా కౌంటర్ దగ్గర డోసు ఎలా తేల్చారో!

ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే కొన్నవారి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. తప్పు షాపువాళ్లదే అనుకోకండి. ‘తిమ్మిర్లకు ఏదైనా ఇవ్వండి’ అని అడిగింది మీరే కదా! సీఓపీడీ ఉందని అక్కడ చెప్పారా? అలాగని ఇది చదివి ఈ రాత్రికే రెండూ ఆపేయకండి. హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. ఎలా తగ్గించాలో చూసిన డాక్టరే చెప్పాలి. అందుకే వారం ఆగకుండా ఈరోజే ఊపిరితిత్తుల డాక్టరును (పల్మనాలజిస్టు) గానీ, ఫిజీషియన్‌ను గానీ కలవండి.

పెదాలు, వేళ్ల తిమ్మిరి వేరే కథ కావచ్చు. ఊపిరి అందడం లేదన్న టెన్షన్‌లో వేగంగా శ్వాస తీస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తంలో విడిగా ఉండే కాల్షియం తగ్గి ఇలా చీమలు పాకినట్టు అవుతుంది. నిమిషాల్లో పోతుంది. కవర్ పెట్టుకుని ఊదమని ఎవరైనా చెప్పినా మీరు మాత్రం చేయకండి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. చూడకుండా ఇదే కారణమని నేనైతే చెప్పలేను.

అరికాళ్ల మంటలకు షుగరు కారణం కావచ్చు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 కూడా తగ్గుతుంది. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఇంజెక్షన్ పడ్డాక చేస్తే అంకె ఎక్కువగా వచ్చి అసలు లోపం కనపడదు.

పిలిస్తే పలకనంత మత్తు, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, కాళ్ల నుంచి పైకి పాకే బలహీనత ఉంటే 108కి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో జీబీఎస్ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాలపై దాడి చేసే జబ్బు) కేసుల గురించి చదివే ఉంటారు. మీది అదేనని అనడం లేదు, కానీ ఆ లక్షణం ఉంటే గంటలు కూడా లెక్కే.

వెళ్లేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకెళ్లండి. పంపు కూడా తీసుకెళ్లి, డాక్టర్ ముందే ఒకసారి పీల్చి చూపించండి.