గడ్డం కింద ఆ జడముడి ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. అక్కడ గుర్రం తలకు తొడిగే తాడు హాల్టర్‌కు గడ్డం కింద జడలా అల్లిన ముడి ఉంటుందట. అది వదులైతే పీటముడి వేసుకోవచ్చా? అది అందానికేగా?
- ఓ తల్లి, విజయవాడ

జవాబు: వద్దమ్మా, పీటముడి వేయనివ్వకండి. అందంగా ఉన్న మాట నిజమే గానీ హాల్టర్ భారమంతా మోసేది ఆ ముడే. దాని పేరు ఫియాడోర్ ముడి. మెక్సికో పశువుల కాపరుల దగ్గర్నుంచి అమెరికా కౌబాయ్‌లకు అబ్బిన విద్య.

ఆ హాల్టర్‌కు బకిల్ ఉండదు, ఇనుప రింగూ ఉండదు. సుమారు 6 మిల్లీమీటర్ల తాడు ఒక్కటే. ముక్కు పట్టీ నుంచి రెండు పాయలు, గొంతు చుట్టి వచ్చినవి రెండు ఆ ముడిలో కలిసి, కింద జంట ఉచ్చుగా దిగుతాయి. గుర్రాన్ని నడిపించే తాడు తగిలించేది ఆ ఉచ్చుకే. గుర్రం తల విదిలించినప్పుడు నాలుగు పాయలూ సమంగా బిగిసుంటేనే ముడి దవడ కింద నడిమధ్యన నిలుస్తుంది. పీటముడి అయితే పక్కకు ఒరుగుతుంది, ముక్కు పట్టీనీ లాక్కుపోతుంది. ఆనక విప్పుదామన్నా ఊడి రాదు.

వదులైతే ముడి విప్పకుండానే ఒక్కో పాయనూ వరసగా, కాస్తకాస్త లాగుతూ ఆ వదులును తాడు కొసదాకా నడిపించాలి. ఒకే పాయను గట్టిగా గుంజితే అల్లిక వంకరపోతుంది.

అమ్మాయి రోజూ వేయాల్సిన ముడి వేరే ఉంది, ఎడమ చెంప దగ్గర. దాని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమనండి. తల మీదుగా వచ్చిన కొసను ఆ చెంప దగ్గరుండే ఉచ్చులోంచి తెచ్చి, ఉచ్చు వెనకగా తిప్పి, మళ్ళీ తన కిందుగానే దూర్చాలి. ఆ చుట్టు ఉచ్చు మీదే పడాలి. ఉచ్చుకు పైన పడితే బిగుసుకుపోయి, తొందరలో విప్పలేరు. మిగిలిన కొస గుర్రం కంటివైపు కాకుండా వెనక్కి తిరిగి ఉండాలి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఈ తాడు హాల్టర్ తలకు ఉండగా గుర్రాన్ని ఎన్నడూ మేతకు వదలొద్దు. కంచెకో కొమ్మకో తగులుకుంటే తోలుదైతే తెగి గుర్రం బయటపడుతుంది. ఇది తెగదు. పని అవగానే తీసేయమనండి.