తటస్థ ఓట్లను మెజారిటీ లెక్కలో కలపొద్దు

మీ 40 మంది సభ్యుల్లో ఒక తీర్మానంపై 12 మంది అవును, 9 మంది కాదు, 7 మంది తటస్థం అన్నారు. అది నెగ్గిందా లేదా అన్నది మీ ప్రశ్న. మీ నియమావళిలో ‘పోలైన ఓట్లలో సగానికి మించి’ అని మాత్రమే ఉండటంతోనే చిక్కంతా వచ్చింది. అవును, కాదు మాత్రమే లెక్కిస్తే 21కి 12, నెగ్గింది. తటస్థాన్నీ కలిపితే 28కి 12, వీగిపోయింది. రెండో పద్ధతిలో తటస్థం కాస్తా ‘కాదు’ అయిపోతుంది. ఎటూ తేల్చుకోలేదన్న మనిషి చేత బలవంతంగా వద్దనిపించడం అన్యాయం. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 86వ నియమం కూడా తటస్థులను ఓటు వేయనివారిగానే చూస్తుంది.

కోరం, అంటే ఓటింగ్ చెల్లాలంటే కనీసం ఇంతమంది పాల్గొనాలన్న నియమం, పెట్టుకుంటే అందులో మాత్రం తటస్థులను కలపాలి, వాళ్లు పాల్గొన్నారు కదా. కానీ కోరంలో ఒక లొసుగుంది. అది 20 అనుకోండి: 16 అవును, 4 కాదు పడితే తీర్మానం నెగ్గుతుంది, ఆ నలుగురూ అసలు రాకపోతే ఆగిపోతుంది. అంటే వ్యతిరేకించేవాళ్లకు ఓటు వేయడం కన్నా రాకపోవడమే లాభం. అందుకే కోరం తీసేసి, ‘కాదు కంటే అవును ఎక్కువ ఉండాలి, అవును కనీసం 10 ఉండాలి’ అని రాసుకోండి. 25 మంది తటస్థంగా ఉండగా 2–1తో తీర్మానం గట్టెక్కే ప్రమాదమూ తప్పుతుంది.

ఫలితం చూశాక పాత ఓటింగ్‌కు కొత్త అర్థం చెప్పకండి. ముందు నియమం సవరించి, తర్వాత ఈ తీర్మానంపై మళ్లీ ఓటింగ్ పెట్టండి.