తిరగేసిన సంఖ్య సరే, అసలు సంఖ్య ఏది?

ప్రశ్న: అమీర్‌పేటలో సి భాష నేర్చుకుంటున్నాను. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యను గుర్తించే ప్రోగ్రాం రాశాను. 1221 ఇచ్చినా ‘కాదు’ అనే వస్తోంది. వైల్ లూప్‌లో, అంటే షరతు నిజమైనంతవరకు మళ్లీ మళ్లీ నడిచే భాగంలో, తప్పెక్కడుందో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన లూప్ సక్రమంగానే ఉంది, తప్పు దాని తరువాతి పోలికలో ఉంది. ఇచ్చిన సంఖ్యను ఉంచిన చరరాశి ఎన్‌ను 10తో భాగిస్తే వచ్చే శేషం చివరి అంకె, భాగఫలం మిగిలిన సంఖ్య. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మొదటి చుట్టులో శేషం 1, ఎన్ 122 అవుతుంది. తరువాత 12, ఆపైన 1, చివరికి 0. ఆలోగా ఒక్కో శేషం చివర చేరుతూ తిరగేసిన సంఖ్య 1, 12, 122, 1221గా పెరుగుతుంది. అంటే లూప్ ముగిసేసరికి ఎన్‌లో మిగిలింది సున్నా కాబట్టి, మీరు 1221ని పోలుస్తున్నది ఆ సున్నాతోనే. లూప్‌కు ముందే ఎన్ విలువను మరో చరరాశిలో దాచుకుని, దానితో పోల్చండి. ల్యాబ్ పరీక్షల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

మరొక మాట. మీ షరతు ‘ఎన్ సున్నా కానంతవరకు’ అని ఉన్నందున, ఈ సవరణ తరువాత -121కి కూడా ‘అవును’ అని వస్తుంది. ఎందుకంటే సి భాష నియమాలను నిర్దేశించే సి99 ప్రమాణం ప్రకారం శేషానికి విభాజ్యం గుర్తే వస్తుంది, కనుక -121ని 10తో భాగిస్తే శేషం -1. రుణసంఖ్యలు వద్దనుకుంటే మొదట్లోనే వాటిని తిరస్కరించండి.