మగదాన్ని వేరు చేశాక కూడా తెల్ల ఎలుక మళ్ళీ పిల్లల్ని ఎలా పెట్టింది?

పిల్లలు పుట్టిన మర్నాడు మగదాన్ని వేరే పంజరంలోకి మార్చానన్నారు కదా, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆడ ఎలుక పిల్లల్ని పెట్టిన 24 గంటల్లోపే మళ్ళీ ఎదకు వస్తుంది. మగది పక్కనే ఉంటే ఆ రాత్రే జతకడుతుంది. మామూలుగా ఎలుకల చూలు 19 నుంచి 21 రోజులు. అయితే పాలిస్తున్న తల్లిలో పిండాలు గర్భసంచికి వెంటనే అంటుకోకుండా కొన్నాళ్ళు ఆగుతాయి. దాంతో రెండో కాన్పు ఇంకా ఆలస్యంగా వస్తుంది, మనకేమో లెక్క తేలక టెన్షన్.

ఇకమీదట పొట్ట పెరిగినట్టు కనిపించగానే, కాన్పుకు ముందే మగదాన్ని తీసేయండి. పాపం, పాలిస్తూనే మళ్ళీ మోయడం తల్లిని బాగా పీల్చేస్తుంది. ఉడికించిన గుడ్డు కొంచెం కొంచెంగా పెట్టండి.

మొదటి కాన్పు పిల్లల్నీ మర్చిపోకండి. 4 వారాలు నిండేలోపు ఆడా మగా విడదీయకపోతే అన్నాచెల్లెళ్ళే జతకడతాయి, కొడుకులు తల్లినీ వదలవు. తోక కింద రెండు రంధ్రాల మధ్య దూరం ఎక్కువుంటే మగది. 10 రోజుల వయసులో పొట్ట మీద చనుమొనల చుక్కలు కనిపిస్తే ఆడది.