తలకు రేడియేషన్ ఇస్తుంటే వాంతులు... స్టెరాయిడ్ మాత్ర ఆపేయవచ్చా?

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు. మెదడులో గడ్డకు ఆపరేషన్ అయ్యాక 30 సిట్టింగుల రేడియేషన్ రాశారు. ఇప్పుడు మూడో వారం. గాజువాక నుంచి బస్సులో వెళ్లొస్తున్నాం. ఇంటికి రాగానే కడుపులో తిప్పి వాంతి అవుతోంది. షుగర్ పెరిగిందని నిన్నటి నుంచి స్టెరాయిడ్ మాత్ర ఆపేశాం. రేడియేషన్ కూడా కొన్నాళ్లు ఆపమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రేడియేషన్ ఆపకండమ్మా. మధ్యలో మానేస్తే మిగిలిన గడ్డ కణాలకు పెరిగే అవకాశం ఇచ్చినట్టే. నాకు టెన్షన్ కలిగించింది మీరు ఆపేసిన మాత్ర. ఈ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి.

రేడియేషన్ వల్ల మెదడులో వాపు కొంత పెరగవచ్చు. పుర్రె సాగదు కదా, లోపల ఒత్తిడి పెరిగి వికారం, తలనొప్పి వస్తాయి. ఆ వాపును అదుపులో ఉంచేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. వారాల తరబడి వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ కూడా తగ్గిపోతుంది. అందుకే ఒక్కసారిగా ఆపితే వాంతులు ఎక్కువవుతాయి, బీపీ పడిపోవచ్చు. షుగర్‌కు మందు మార్చవచ్చు. స్టెరాయిడ్‌ను మాత్రం డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఉదయం టిఫిన్ తిన్నాక వేస్తే రాత్రి నిద్ర అంతగా పాడవదు.

వాంతులకు ఒండాన్‌సెట్రాన్ లాంటి మాత్ర సిట్టింగ్‌కు అరగంట, గంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. వాంతి అయ్యాక వేస్తే అదీ బయటికి వచ్చేస్తుంది. ఈ మాత్రతో మలబద్ధకం రావచ్చు, దానివల్ల కూడా వికారం పెరుగుతుంది. టెమోజోలమైడ్ అనే కీమో క్యాప్సూల్ కూడా వాడుతుంటే వాంతులకు అదీ ఒక కారణం కావచ్చు. అది వాంతిలో పోయినా ఆ రోజు మళ్లీ వేయకండి.

ఖాళీ కడుపుతో బస్సెక్కించకండి, రెండు ఇడ్లీలు చాలు. ఇంట్లో చేపలు వేయించేటప్పుడు ఆయన్ను ఆ వాసనకు దూరంగా కూర్చోబెట్టండి. వేడి అన్నం కంటే చల్లారిన పెరుగన్నం, రాగి జావ తేలిగ్గా దిగుతాయి. మన విశాఖ ఉక్కపోతకు నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ గుక్కగుక్కగా తాగించండి. షుగర్ ఉంది కాబట్టి గ్లూకోజ్ నీళ్లు, కూల్‌డ్రింకులు వద్దు.

తెల్లవారుజామున తలనొప్పితో వాంతి, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడటం, ఫిట్స్, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం... వీటిలో ఏది కనిపించినా మర్నాటి సిట్టింగ్ దాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందుల చీటీ వెంట ఉంచుకుని, స్టెరాయిడ్ ఎప్పటి నుంచి ఆపారో అక్కడి డాక్టర్‌కు ముందుగా చెప్పండి.