బెల్లు కొట్టని కాలేజీలో మా వాడు ఎట్లా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పెద్దోడికి ఆటిజం ఉందని ఏడేళ్లప్పుడు హైదరాబాద్‌లో డాక్టర్లు చెప్పారు. చదువులో మంచిగనే ఉంటాడు. ఇంటర్ దేవరకొండలోనే పాసయ్యాడు, ఇప్పుడు దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) నల్లగొండలో బీఎస్సీ కంప్యూటర్స్ సీటు వచ్చింది. ఇన్నాళ్లూ నేనే లేపి, నేనే బ్యాగు సర్ది, నేనే సార్లతో మాట్లాడి నెట్టుకొచ్చాను. మా ఆయన హాస్టల్‌లో వేద్దాం అంటున్నాడు. కాలేజీలో ఆటిజం సంగతి చెప్తే రేపు వాడి చెల్లె పెళ్లికి అడ్డమొస్తుందని మా అత్తమ్మ భయం. చెప్పాలా, దాచాలా? వాడొక్కడు ఉండగలడా? రాత్రి నిద్ర పట్టట్లేదు.
– ఒక తల్లి

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన మాట ఉంది, అత్తమ్మ మాట ఉంది, నీ టెన్షన్ ఉంది. వాడేమంటున్నాడో మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి తర్వాత చెప్తా, ముందు హాస్టల్ విషయం.

మొదటి సెమిస్టర్‌కు హాస్టల్ వద్దు. కొత్త కాలేజీ, కొత్త గది, గదిలో నలుగురైదుగురు పిల్లలు, రాత్రి పన్నెండు దాకా లైటు, మెస్సులో గోల, ఇవన్నీ ఒకేసారి మీద పడితే ఆటిజం లేని పిల్లలే బెంగ పెట్టుకుంటారు. అట్లని రోజూ బస్సు తేలికేం కాదు, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చిన పిల్లవాడు ఇంటికి చేరేసరికి వాడిలో ఏమీ మిగలదు. వాడికి బస్సు గోల అసలు పడదంటే నల్లగొండలో చుట్టాల ఇల్లో, ఒక్కడే ఉండే చిన్న గదో చూడండి. బస్సే అనుకుంటే, రాగానే "ఏం చెప్పారు, ఎవరితో మాట్లాడావు" అని అడగకు. ఒక గంట వదిలెయ్. అన్నం పెట్టి ఊరుకో.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. ఇంటర్‌లో పొద్దున నుంచి సాయంత్రం దాకా బెల్లు మీద బెల్లు, ఇంటికొస్తే నువ్వు. వాడి రోజును వేరేవాళ్లు కట్టి చేతికిచ్చారు. డిగ్రీలో పదింటికి ఒక క్లాసు అవుతుంది, తర్వాతి సార్ రారు, ల్యాబ్ రెండింటికి, మధ్యలో మూడు గంటలు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. పాఠాలు బాగానే అర్థమై కూడా ఈ ఖాళీ గంటలకు భయపడి కాలేజీకి పోవడం మానేసిన పిల్లలను నేను చూశాను. అందుకే క్లాసులు మొదలుకాకముందే వాణ్ణి రెండు మూడుసార్లు నల్లగొండ తీసుకుపో. టికెట్ వాడే తీసుకోవాలి, నువ్వు వెనక సీట్లో కూర్చో. కాలేజీలో లైబ్రరీ, మంచినీళ్లు, బాత్‌రూమ్, ఎవరూ రాని ఒక నిశ్శబ్దమైన మూల, ఈ నాలుగూ చూపించి వాడి ఫోన్‌లో ఫొటోలు తీయించు. క్లాసు లేకపోతే ఎక్కడికి పోవాలి, బస్సు తప్పిపోతే తర్వాతిది ఎన్నింటికి, ఇవి వాడి చేతనే ఒక కాగితం మీద రాయించు. పొద్దున లేపడం రేపటి నుంచే ఆపెయ్, అలారం వాడే పెట్టుకుంటాడు. ఒకటి రెండు రోజులు లేటవుతాడు, కానీ కాలేజీ తెరవకముందు అయితే నష్టమేం లేదు కదా.

వాట్సాప్ గ్రూపు మర్చిపోకు. రేపు క్లాసు లేదు, గది మారింది, ఇవన్నీ రాత్రిపూట అందులోనే వస్తాయి, వంద గుడ్‌మార్నింగుల మధ్య. ఏ మెసేజ్ పట్టించుకోవాలో పక్కన కూర్చుని నేర్పించు. ఇంకొకటి, ఇట్లాంటి పిల్లలు చాలామంది ఎదుటివాళ్ల మాటను ఉన్నదున్నట్టు నమ్ముతారు. ఎవరైనా "రెండు వందలు ఫోన్‌పే కొట్టు, రేపిస్తా" అంటే కొట్టేస్తారు. "ఇంట్లో అడిగి చెప్తా" అనే ఒక్క మాట బాగా అలవాటు చెయ్. సీనియర్లు ఏడిపిస్తే ర్యాగింగ్ ఫిర్యాదులకు దేశమంతటికీ ఒక నంబర్ ఉంది, 1800-180-5522, అది వాడి ఫోన్‌లో ఉండాలి.

ఇప్పుడు చెప్పాలా దాచాలా అన్నది. నా మాట అడిగితే చెప్పాలి, కానీ క్లాసంతటికీ అక్కర్లేదు. ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం, నమ్మకంగా అనిపించే ఒక లెక్చరర్‌కు నోటిమాట, అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఒకటి, చదువులో తగిన సౌకర్యం అడగడం వాడి హక్కు. వైకల్యం సర్టిఫికెట్ ఉంటే, స్క్రైబ్ (చెప్తే రాసిపెట్టే మనిషి) లేకుండా తానే రాసుకునేవాళ్లు కూడా పరీక్షలో అదనపు సమయం అడగొచ్చు. పరీక్ష ముందురోజు అడిగితే పని కాదు, సెమిస్టర్ మొదట్లోనే కాలేజీలో రాసి ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకో. వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ కార్డు లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, రేపు పీజీ సీటుకు, ఉద్యోగానికి కూడా పనికొస్తుంది. ఇక అత్తమ్మకు చెప్పు, ఆ కాగితం కాలేజీ ఫైల్లో ఉంటుంది, ఊళ్లో చాటింపు వేసేది కాదని. ఆమెకూ మనవడి మీద ప్రేమే, కోప్పడకు. కానీ చెల్లె పెళ్లి కోసం అన్న చదువు పణం పెట్టడానికి నా మనసు ఒప్పదు.

ఈ మాట చెప్పేది కూడా నువ్వు కాదు, వాడే. ఆటిజం అన్న పేరు పలకడం ఇష్టం లేకపోతే వద్దు. "సార్, నలుగురు ఒకేసారి మాట్లాడితే నాకు అర్థం కాదు, రాసి ఇస్తే చేస్తాను" అంటే చాలు. ఇంట్లో పదిసార్లు అనిపించి చూడు, వాడికి నోటికి ఏ మాటలు వస్తే ఆ మాటల్లోనే.

మొదటి రెండు నెలలు కనిపెట్టుకుని ఉండు. తిండి తగ్గినా, స్నానం మానేసినా, ఇష్టమైన వాటి జోలికి కూడా పోకపోయినా బద్ధకం అనుకుని తిట్టకు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టట్లేదన్నావు కదా, నీ కోసం కూడా చెయ్యొచ్చు.

ఈ పేజీ వాడికి ఇచ్చి చదవమను. హాస్టలా బస్సా, ఎవరికి చెప్పాలి, ఎవరికి వద్దు, వాడేమంటాడో అడిగి నాకు మళ్లీ రాయి. వాడే రాస్తే ఇంకా సంతోషం.